టేకు పలక మీద తెల్లమచ్చ

పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నేను ఎన్ని కార్లలో కూర్చున్నానో లెక్కే లేదు. ఒక్కటీ కదిలిన పాపాన పోలేదు.

కరీంనగర్‌లో మాది కార్ల లోపలి పని చేసే దుకాణం. సీట్లు, తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ, డ్యాష్‌బోర్డు, ఏది పాడైనా విప్పి బాగుచేసి మళ్ళీ బిగిస్తాం. ముందు షట్టరు, షట్టరు లోపల కారు, కారు వెనక మా ఇల్లు. ఇంట్లోంచి వీధిలోకి పోవడానికి వేరే దారి లేదు. కారుకూ గోడకూ మధ్య ఊపిరి బిగబట్టుకుని పక్కకు నడవాలి. నా బిడ్డ కడుపులో ఉన్న ఆఖరి నెలల్లో ఆ సందులో పట్టక, వీధి ముఖం చూడాలంటే కారు పని ఎప్పుడవుతుందా అని కాచుకుని కూర్చునేదాన్ని. ఆ బిడ్డ ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సందు మాత్రం అంతే ఉంది.

విప్పడం, బిగించడం, రంగు, పాలిష్ మా ఆయన చూసుకుంటాడు. కుట్టే పనంతా నాది. పని బాగుందని వచ్చినవాళ్ళు ఆయన భుజం తట్టి పోతారు. కుట్టిందెవరని అడిగినవాడు ఇంతవరకూ లేడు. అడగకపోతే నాకేం బాధ లేదని అంటుంటాను కానీ అది ఉత్త మాట.

ఈ పనిలో ఒక తిరకాసుంది. తలుపు లోపలి అట్ట విప్పితే దాంతోపాటు పిడి, అద్దం తిప్పే గిలక కూడా ఊడదీయాలి. ఆ తర్వాత తలుపు పొరపాటున పడిందా, లోపలున్నవాళ్ళు లోపలే. బయటనుంచి ఎవరైనా తీయాలి. పైకప్పు గుడ్డ కుడుతూ నేనలా ఎన్నోసార్లు ఇరుక్కున్నాను. మా ఆయన చాయ్ తాగి వచ్చేదాకా, ఎండాకాలం ఆ రేకు డబ్బాలో చెమటలు కక్కుకుంటూ అద్దం మీద దబదబా కొట్టేదాన్ని. ఆయన వచ్చి తలుపు తీసి నవ్వేవాడు. నాకు చంపేయాలన్నంత కోపం వచ్చేది.

మా వైపు ఆడపిల్ల తనంత తాను సంచి పట్టుకుని తల్లిగారింటికి పోదు. అటునుంచి మనిషి రావాలి. కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, పిల్లను తీసుకుపోతామని అడగాలి. అత్త సరేననాలి. తిరిగి రావాలన్నా ఇటునుంచి మనిషి పోయి తీసుకురావాలి. ఎవరూ రాకుండా ఒక్కతే బయల్దేరితే అలిగి పోయిందంటారు, అక్కడివాళ్ళు కూడా ఏం గొడవ జరిగిందోనని గుండెలు బాదుకుంటారు. నాకు అన్నదమ్ములు లేరు. నన్ను కన్న అవ్వ నా పెళ్ళికి ముందే పోయింది. ఉన్నది బాపు ఒక్కడే. ఆదిలాబాద్‌లో కట్టె కోత మిల్లు దగ్గర పాలిష్ పని చేస్తాడు. ఏడాదికి రెండు మూడుసార్లు తనే వచ్చి నన్ను తీసుకుపోయేవాడు. తుంటి నొప్పి మొదలయ్యాక ఆయనకు బస్సు మెట్లు ఎక్కడం చేతకాలేదు. ఆయన రాలేదు కాబట్టి నేను పోలేదు. అట్లా రెండేళ్ళు దాటిపోయాయి.

మా ఆయన చెడ్డవాడని నేను అనను. నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా ఈ కారు అయినంక చూద్దామనేవాడు. అది అయ్యేలోపు ఇంకోటి వచ్చి షట్టరులో నిలబడేది. మా అత్త కూడా రాక్షసేమీ కాదు. తను కూడా అట్లాగే బతికింది, అంతే. తనకు లేని దారి నాకెట్లా ఉంటుందని ఆమె లెక్క.

ఆ వానాకాలం పెద్దపల్లి నుంచి ఒక బియ్యం మిల్లు ఆసామి పాత అంబాసిడర్ తెచ్చి పెట్టాడు. ఆయన తండ్రి నడిపిన కారు. ఎలుకలు పైకప్పు గుడ్డ కొరికేశాయి, సీట్లలోంచి స్ప్రింగులు బయటికొచ్చాయి. దాని డ్యాష్‌బోర్డు మాత్రం వేరే రకం. ఆ తండ్రి ఎప్పుడో ఆదిలాబాద్ టేకు తెప్పించి, రేకు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక పలక బిగించుకున్నాడు. సామాను పెట్టుకునే చిన్న అరకు మూత కూడా ఆ టేకుదే. పొగకూ జిడ్డుకూ అంతా నల్లబడిపోయింది. తండ్రి నాటి రంగు మళ్ళీ కనబడాలనీ, దసరాకు ఆ కారుకే పూజ చేయాలనీ ఆసామి మా ఆయన చేయి పట్టుకుని మరీ చెప్పి పోయాడు.

నా పని నేను చేసుకుంటూ పోయాను. సీట్లు కుట్టాను, తలుపుల అట్టలకు రెక్సిన్ వేశాను. చిక్కంతా పలక దగ్గరే వచ్చింది. మా ఆయన గాజు పెంకుతో పాత పాలిష్ గీకి, ఎమ్రీ కాగితంతో నునుపు చేసి, లక్క పాలిష్ పెట్టాడు. సాయంత్రానికి మెరిసింది. తెల్లారేసరికి బూజు పట్టినట్టు తెల్లబడిపోయింది. గీకి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తెల్లబడింది. ముసురు వదలడం లేదు. ఆయన అన్నం కూడా సరిగా తినకుండా పలక ముందు కూర్చునేవాడు. ఆసామి రోజూ ఫోను చేసేవాడు.

ఒకరోజు నేను కారు లోపల పైకప్పు గుడ్డ లాగి బిగిస్తున్నాను. గాలికి తలుపు పడింది. పిడులు లేవు. అద్దం కొడదామని చెయ్యెత్తేసరికి బయట మా ఆయన, అత్త మాట్లాడుకోవడం వినబడింది. పలకను పార్సిల్లో ఆదిలాబాద్ మామకు పంపితే ఎట్లుంటుందని ఆయన అంటున్నాడు. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పలక పోతుందట. మా బాపు దగ్గరికి. రెండేళ్ళుగా నేను పోలేని చోటికి, కాళ్ళు లేని కట్టె ముక్క పోతుందట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అద్దం పగిలిపోతుందేమో అన్నంతగా కొట్టాను.

ఆయన పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు. నేను దిగలేదు. లోపల కూర్చునే చెప్పాను. పార్సిల్లో పలక విరుగుతుంది, నూరు రూపాయల చెక్క కాదది, ఆసామికి తండ్రి జ్ఞాపకం, ఒడిలో పెట్టుకుని మనిషే తీసుకుపోవాలి అన్నాను. మా ఆయన దుకాణం వదిలి పోలేడు. ఇంక మిగిలింది నేనే. అత్త గడపలో నిలబడి అడిగింది.

"ఎవలచ్చిన్రని పోతది? నలుగురు ఏమనుకుంటరు?"

మా ఆయన కొంచెంసేపు తల గోక్కున్నాడు. "తల్లిగారింటికి కాదవ్వా. పని మీద పోతున్నది."

అత్త గడప దిగి లోపలికి పోయింది. పని మీద పోయే మనిషిని ఎవరూ వచ్చి తీసుకుపోవాల్సిన అవసరం లేదు కదా. నాకు పట్టలేనంత సంతోషమూ వచ్చింది, ఆ మాటకు పట్టలేనంత కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళూ ఈ తాళానికి ఇంత చిన్న చెవి ఉందని తెలిసి కూడా ఎవరూ నాకు చెప్పలేదేమిటి అనిపించింది.

పలకనూ మూతనూ మెత్తటి పాత చీరలో చుట్టి, బస్సులో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒడిలో పట్టుకుని కూర్చున్నాను. జగిత్యాల దాటాక వాన ఎత్తుకుంది. నిర్మల్ తర్వాత ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కిటికీలోంచి తడిసిన టేకు చెట్ల వాసన కొట్టింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పక్క సీటు ముసలామె నా ఒడిలో మూట చూసి, గొడవపడి తల్లిగారింటికి పోతున్నాననుకుని, ఊరుకో బిడ్డా అని నా వీపు నిమిరింది. నేను కాదని చెప్పలేదు.

బాపు మిల్లు వెనకాల గదిలో ఉంటాడు. నేను గుమ్మంలో నిలబడితే ఆయన ముఖంలో ముందు వచ్చింది సంతోషం కాదు, భయం. లేవబోయి, తుంటి పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ఒక్కదానివే అచ్చినవా బిడ్డా? ఎవలేమనలే గదా?"

"పని మీద అచ్చిన బాపూ," అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. మూట విప్పి పలక చూపించాను. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, గోటితో గీకి, వాసన చూసి, ఇది మన అడవి కట్టెనే అన్నాడు. ఎన్ని రోజులు పడుతుందని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

బాపు పాలిష్ విషయంలో మహా చండశాసనుడు. చిన్నప్పుడు ఆయన పాలిష్ పెట్టిన బల్ల మీద నేను తడి గ్లాసు పెట్టాను. తెల్లటి గుండ్రటి మచ్చ పడింది. బాపు నన్ను కొట్టింది జీవితంలో ఆ ఒక్కసారే. కొట్టి, తర్వాత తనే ఏడ్చాడు. అప్పటి నుంచి ఆయన పనిచేసే చోట నీళ్ళ చెంబు కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

మొదటిరోజే పలకకు లక్క పట్టించాడు. దూది చుట్టిన గుడ్డను స్పిరిట్లో కరిగిన లక్కలో ముంచి, సున్నాలు చుడుతున్నట్టు పొర మీద పొర రుద్దాడు. నేను పక్కన కూర్చుని ముచ్చట్లు చెప్పాను. నా బిడ్డ చదువు, మా అత్త చాదస్తం, నేను కారులో ఇరుక్కుపోయిన కథలు. ఆయన కడుపుబ్బ నవ్వాడు. జొన్న రొట్టెలు చేసి పెడితే అవ్వ చేసినట్టే ఉన్నాయన్నాడు. అవి అట్లా లేవని మా ఇద్దరికీ తెలుసు. సాయంత్రానికి పలకలో నా ముఖం కనబడింది.

తెల్లారి చూస్తే తెల్లబడి ఉంది. వాన గాలి బిడ్డా, ఏం చేస్తం అన్నాడు బాపు. మళ్ళీ మొదలుపెట్టాడు. మరుసటి తెల్లారీ అంతే. మా ఆయన ఫోన్లు పెరిగాయి. ఆసామి దుకాణంలో వచ్చి కూర్చుంటున్నాడట. ఇంకెన్ని రోజులని ఆయన అడిగితే, వాన తగ్గాలి అని నేను కసిరేదాన్ని. నిజం చెప్పొద్దూ, ప్రతి తెల్లారీ ఆ తెల్లటి పొర చూడగానే నా ప్రాణం లేచొచ్చేది.

ఒకనాడు వేకువన మెలకువ వచ్చింది. బాపు పక్క మీద లేడు. పంచలో బక్కెట్టు ముందు వంగి ఉన్నాడు. ఆ తుంటితో వంగడమే కష్టం, గోడ పట్టుకుని వంగాడు. పాత ధోవతి ముక్క నీళ్ళలో ముంచి, పిండి, తెచ్చి పలక మీద పరిచాడు. అరచేత్తో మడతలు లేకుండా నిమిరాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు.

నాకు ముందు ఒళ్ళు మండిపోయింది. అక్కడ వాళ్ళు కారు పేరు చెప్పి నన్ను కట్టేస్తే, ఇక్కడ ఈయన పలక పేరు చెప్పి కట్టేస్తున్నాడు. ఇంకో నాలుగు రోజులు ఉండు బిడ్డా అని నోరు తెరిచి అడిగితే ఏం పోయింది? కానీ అడిగితే మాత్రం నేను ఉండగలనా? పని మీద వచ్చినదాన్ని పని ఉన్నన్ని రోజులే ఉండాలి. ఆ సంగతి ఆయనకు నాకంటే ముందే అర్థమైంది. తడి గ్లాసు పెట్టినందుకు కన్నబిడ్డను కొట్టిన మనిషి, తన చేత్తో పెట్టిన మెరుపును తన చేత్తోనే చంపుకుంటున్నాడు.  చప్పుడు కాకుండా వెళ్ళి పడుకుని కళ్ళు మూసుకున్నాను. బాగా తెల్లారాక ఆయన నా వైపు చూడకుండా, మళ్ళ తెల్లబడ్డది బిడ్డా అన్నాడు. అవునా బాపూ అన్నాను.

ఇంకో రెండు రోజులు మేమిద్దరం అట్లాగే నటించాం. తర్వాత మా ఆయన ఫోను చేసి, ఆసామి కారును వేరే దుకాణానికి తీసుకుపోతానంటున్నాడని చెప్పాడు.  ఇంక నటించలేకపోయాను. రేపు పోతానని బాపుతో చెప్పాను. ఆయన తలాడించి, ఆ పూటే కూర్చుని పాలిష్ ముగించాడు. మరుసటి తెల్లారి పలక తేనెలాగా మెరుస్తోంది. వాన గాలి ఏమైందని నేనడగలేదు.

మూట కట్టేటప్పుడు బాపు నా కోసం చాయ్ తేవడానికి మిల్లు ముందుకు వెళ్ళాడు. నేను కొంగు చివర నీళ్ళలో తడిపి, చిన్న అర మూత లోపలి వైపు, ఒక మూలన, గట్టిగా అదిమి పట్టుకున్నాను. బొటనవేలంత తెల్లమచ్చ తేలింది. మూత మూస్తే కనబడదు, తెరిస్తే కనబడుతుంది. మచ్చ కనబడితే పలక మళ్ళీ ఆదిలాబాద్ పోవాలి. పలక పోతే నేను పోవాలి. నాకు ఏమాత్రం తప్పు చేసినట్టు అనిపించలేదు.

పలక బిగించాక ఆసామి దాని మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు. దసరాకు ముందే కారు తీసుకుపోయాడు. దసరా పోయింది. షట్టరులోకి ఇంకో కారు వచ్చింది, పోయింది. నేను మిషను తొక్కుతూ ప్రతి హారన్‌కూ తలెత్తి చూసేదాన్ని. మచ్చ వాళ్ళ కంట పడలేదా, పడినా పట్టించుకోలేదా అని పరేషాన్ అయ్యాను.

ఒకరోజు మధ్యాహ్నం అంబాసిడర్ షట్టరులోకి వచ్చి ఆగింది. ఆసామి రాలేదు, డ్రైవరు వచ్చాడు. మూత తెరిచి మచ్చ చూపించాడు. మా ఆయన చూసి నెత్తి పట్టుకున్నాడు. నేను మిషను ఆపి లోపలికి పోయాను. నా సంచి ఎక్కడుందో వెతికాను. బాపుకు సర్వపిండి ఇష్టం, బియ్యప్పిండి ఉందా లేదా అని డబ్బా తెరిచి చూశాను. రెండు చీరలు సంచిలో పెట్టాను కూడా.

బయట మా ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు. "మామా, నేను," అన్నాడు.

నేను గడపలోకి వచ్చాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన తనంతట తాను మా బాపుకు ఫోను చేయడం నేను చూడలేదు. ఫోను స్పీకరులో పెట్టి బానెట్ మీద ఉంచాడు. బాపు గొంతు గాభరాగా వచ్చింది, బిడ్డకు మంచిగుందా అని. మంచిగనే ఉన్నది మామా, పాలిష్ ముచ్చట అడుగుదామని చేసిన, మూత మీద తెల్లమచ్చ పడ్డది అన్నాడు ఆయన. అల్లుడు ఫోను చేశాడు, అదీ తన పని గురించి అడగడానికి. ఆ సంబరంలో బాపుకు ఇంకేమీ గుర్తుకు రాలేదు. స్పిరిట్ ఎంత తీసుకోవాలో, దూది గుడ్డను ఎట్లా పిండాలో, అదమకుండా పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు ఒక్కసారి ఎట్లా తుడవాలో, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. ఆ గొంతులో అంత ఉత్సాహం నేను ఎన్నేళ్ళుగానో వినలేదు. చెప్పకు బాపూ, చెప్పకు అని నాలోపల అరుస్తున్నాను. 

మా ఆయన తుడిచాడు. మచ్చ పోయింది. మూతను వెలుతురుకు తిప్పి చూసుకున్నాడు.

"పోయింది మామా."

"పోయిందా?" అన్నాడు బాపు సంబరంగా. తర్వాత ఫోనులో మిల్లు రంపం చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కొంచెంసేపటికి, నీరసపడిన గొంతుతో, "అయితే ఇగ పలకను ఇటు తెచ్చుడు లేదన్నట్టు," అన్నాడు.

నేను సందులోంచి పక్కకు నడిచి వచ్చి బానెట్ మీది ఫోను తీసుకున్నాను.

"బాపూ, ఆ మచ్చ నేనే పెట్టిన. తడి కొంగుతోని."

"నేను తడిగుడ్డ ఏసుడు చూసినవా బిడ్డా?" అన్నాడు బాపు.

"చూసిన. నేను అస్తున్న బాపూ. పని మీద కాదు."

మా ఆయన చేతిలో మూత, నోరు తెరిచి నిలబడ్డాడు. ఏ మచ్చ, ఎవరు పెట్టారు అని ఆయనకు మెల్లగా అర్థమవుతున్నట్టుంది. అత్త గడపలోకి వచ్చి, ఎవలచ్చిన్రని పోతున్నవు అని అడిగింది. ఎవలు రాలే అత్తా, నేనే పోతున్న, అలిగి పోతలేను, మా బాపును చూడపోతున్న అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కోపం లేదు అందులో. అత్త ఇంకేదో అనబోయి, నా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపలికి పోయి సంచి తెచ్చుకున్నాను. మా ఆయన మూత బిగించాడు. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. జర బస్టాండు దగ్గర దింపమని అతనికి చెప్పి, వెనక తలుపు తీసి ఎక్కాను. తలుపుకు పిడి ఉంది, గిలక ఉంది, అన్నీ మా చేతుల్తో బిగించినవే. గిలక తిప్పి అద్దం దించాను.

మా ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతికి ఇంకా స్పిరిట్ వాసన.

"ఎప్పుడస్తవ్?"

"గది నన్నడుగుతవేంది? తోల్కరాను ఇటునుంచి ఎవలన్న రావాలె గద. నువ్వే రా."

ఆయన కిటికీ మీది చెయ్యి తీసి, గోడకు ఒరిగి దారి ఇచ్చాడు. డ్రైవరు వెనక్కి చూసుకుంటూ కారును షట్టరు బయటికి తీశాడు. నేను కుట్టిన సీటు మీద నాకు మొదటిసారి కుదుపు తగిలింది.